మీ కడుపులో స్పందన ఉందా?

ఇది ఒక మహాగాథ. నెత్తురు, మృత్యువు, కాలాన్ని దాటి వచ్చిన హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. అలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను. నిజానికి ఇది నాలుగు పేజీల ఫారం కథ. అందులోనూ మూడో పేజీలో ఉన్న పద్దెనిమిదో ప్రశ్న కథ.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. కోయిలకుంట్లలో మేము అద్దెకున్న ఇంట్లో దయ్యం ఉందని వీధంతా చెప్పేది. ఆరేళ్లు ఉన్నాం. దయ్యం రాలేదు, కుళాయి నీళ్లూ రాలేదు. నీళ్ల గురించి మాత్రం ఎవరూ కథలు చెప్పలేదు.

బీఫార్మసీ అయ్యాక కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడ సర్జరీ పెద్ద డాక్టరుగారు ఒక పరిశోధన చేస్తున్నారు. జీర్ణాశయం వెనక క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది. అది వాచినప్పుడు దాని రసం బయటికి కారి, పక్కనున్న రక్తనాళాల గోడలను తినేస్తుంది. గోడ పల్చబడిన చోట నాళం బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ పగిలితే మనిషి దక్కడం కష్టం. పగలకముందే కనిపెట్టవచ్చా అన్నది పరిశోధన. కర్నూలు, కడప పల్లెల నుంచి వచ్చే రోగుల పక్కన కూర్చుని ఫారం నింపడం నా ఉద్యోగం.

ఫారం ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు చేసింది నేనే. కడుపులో నాడిలాగా ఏమైనా కొట్టుకుంటోందా అని అడగాల్సిన చోట నిఘంటువు తిరగేసి, 'మీ కడుపులో స్పందన ఉందా?' అని రాశాను. చూడ్డానికి గౌరవంగా ఉంది. డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా.

మా వైపు స్పందన అంటే ఒకటే. కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి కొన్నేళ్లు ఆ పేరుండేది. ఆలూరు నుంచి వచ్చిన ఒక రైతు నా ప్రశ్న విని, "పోయిన సోమారమే ఇచ్చొస్తిని గదప్పా, పాసుబుక్కు గురించి. ఇంగా ఏమీ తేల్లేదు" అన్నాడు. నేను 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, టీ కొట్టు దగ్గర ఆ మాట చెప్పి పదిమందిని నవ్వించాను.

వరసగా అందరివీ 'లేదు'లే. ఒక్కరికీ లేకపోవడం ఆసక్తికరమైన ఫలితమని డాక్టరుగారు రాసుకున్నారు.

ఏడో మంచం మద్దిలేటిది. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే మనిషి, నలభై ఏళ్లుంటాయి. క్లోమం వాచి చేరాడు, తగ్గింది, ఆ రోజు ఇంటికి పోతున్నాడు. డిశ్చార్జి కాగితం తయారుగా ఉంది. భార్య లక్ష్మీదేవి సంచి సర్దుతోంది. వాళ్ల బస్సు ఒంటిగంటకు. ఆలోపు నేను ఫారం నింపాలి.

ఇక సాక్ష్యం. ప్రెస్సు నుంచి వచ్చిన కొత్త కట్టను ఆ పొద్దున నేనే విప్పాను. పైనున్న ఫారం తీసి, మద్దిలేటి పేరు రాసి, పేజీలు తిప్పాను. పద్దెనిమిదో ప్రశ్న దగ్గర అప్పటికే జవాబుంది. 'ఉండాది' అని. దాని కింద, 'ఎడమ పక్క. టకటక కొట్టుకుంటాంది.' పేజీ అడుగున టైము గడిలో 12:40.

రాత నాది. నా 'ట' చూసి 'ల' అనుకునేవాళ్లే ఎక్కువ. అలాంటి 'ట' ఇంకెవరికీ రాదు, రావాలని ఎవరూ కోరుకోరు. కానీ ఫారంలో నేనెప్పుడూ 'ఉండాది' అని రాయను, 'ఉన్నది' అని రాస్తాను. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. నా ఫోనూ అదే చెప్పింది.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఆ వార్డులో అందరినీ ఆటపట్టించేది నేనే కాబట్టి, అనుమానించడానికి ఎవరూ దొరకలేదు. సరే, మనిషినే అడుగుదామని వెళ్లాను.

"మద్దిలేటన్నా, మీ కడుపులో స్పందన ఉందా?"

"మాకేం అర్జీలు లేవులేప్పా. ఇంటికి పోనీయండి, సాలు."

కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. "ఎడమ పక్క టకటక కొట్టుకుంటాందా?"

అతను భార్య వైపు చూశాడు. తర్వాత నా వైపు. "నీకెవురు చెప్పిరి?"

"కొట్టుకుంటాందా, లేదా?"

"పొద్దన్నుంచి. పాలిష్ మిషను లోపల పెట్టినట్టుండాది. చెప్తే ఇంగా నాలుగు దినాలు ఈడనే పండుకోబెడ్తారని ఎవురికీ చెప్పలే."

లక్ష్మీదేవి సంచి కింద పెట్టింది. "నాకు గూడా చెప్పకుంటివే. బస్సెక్కినాక చెప్దామనుకుంటివా?"

డ్యూటీ డాక్టరు నాకంటే రెండేళ్లు పెద్ద. విషయం చెబితే, "నువ్వెప్పుడు డాక్టరైతివప్పా? ఫారాలు నింపుకోపో" అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. మొదటి పేజీ తిప్పి ఆయన ముందు పెట్టాను. పద్దెనిమిదికి 'ఉంది' అని జవాబొస్తే ఇంటికి పంపేముందు రక్తనాళాల స్కాను తీయాలని పెద్ద డాక్టరుగారు పెట్టిన నియమం అక్కడుంది. ఒక్కసారీ ఆ జవాబు రాకపోవడంతో అందరూ దాన్ని మరిచిపోయారు.

"నేను చెప్పడం లేదు సార్. ఫారం చెప్తాంది" అన్నాను. నా మాటను ఊరికే కొట్టిపారేయవచ్చు. ఫారాన్ని కొట్టిపారేయాలంటే కింద సంతకం పెట్టాలి. ఆయన మద్దిలేటిని స్కానుకు పంపాడు.

స్కాను గది ముందు గంటన్నర కూర్చున్నాం. మిషను బాగానే ఉంది, తాళంచెవి ఉన్న మనిషి లేడు. ఒకవైపు మనిషి కడుపులో బుడగ ఉబ్బుతుంటే, మేము ఒక తాళంచెవి టిఫిను తిని రావడం కోసం ఎదురుచూస్తున్నాం. చివరికి తీశారు. ప్లీహానికి వెళ్లే నాళం మీద బుడగ, నేరేడు పండంత. స్ట్రెచరు బయటికి తోస్తుండగా మద్దిలేటి నెత్తురు కక్కుకున్నాడు.

గడియారం చూడాలని నాకు లేదు. చూశాను. పన్నెండూ నలభై.

తొడలోని నాళం గుండా సన్నటి గొట్టం పంపి, బుడగకు నెత్తురు పోకుండా లోపలే మూసేశారు. బతికాడు. మేము ఆపకపోయుంటే ఆ టైముకు వాళ్లు బస్టాండులో ఉండేవాళ్లు.

తర్వాత అందరికీ తలా ఒక వివరణ దొరికింది. ఏడో మంచం మీద ఇంతకుముందు పోయినాయన వచ్చి రాసిపోయాడని వార్డు ఊడ్చే ఆయా తేల్చింది. నేనే ఏదో ఊహించి రాసి, కథ అల్లానని డ్యూటీ డాక్టరు అన్నాడు. ఫారం మీద టైము, వార్డు రిజిస్టరులో మద్దిలేటిని స్కానుకు పంపిన టైము సరిపోలేదు కాబట్టి ఫారం చెల్లదని పెద్ద డాక్టరుగారు మద్దిలేటిని పరిశోధనలోంచే తీసేశారు. దక్కిన ఒక్క 'ఉంది' కూడా పోయింది. నన్ను సంజాయిషీ రాయమన్నారు. 'నాకు తెలియదు' అని రాసిచ్చాను. అది సంజాయిషీ కిందికి రాదన్నారు.

పాత ఫారాలు తీసి వరసగా ఫోన్లు చేశాను. ఈసారి మా మాటల్లోనే అడిగాను. చాలామంది బాగున్నారు. ఇద్దరు ముగ్గురు, "అప్పుట్లో కొట్టుకుంటాండె, తగ్గిపాయ" అన్నారు. ఆలూరు రైతు ఫోను ఆయన భార్య ఎత్తింది. ఇంటికొచ్చిన నాలుగో దినం నెత్తురు కక్కి పోయాడట.

"కడుపులో ఏందో కొట్టుకుంటాందని ఆసుపత్రిలో ఉన్నప్పుట్నుంచి అంటానే ఉండె నాయనా. మీరెవురూ అడగలేదా?" అంది.

అడిగామని చెప్పలేకపోయాను. అడగలేదనీ చెప్పలేకపోయాను. టీ కొట్టు దగ్గర ఆ జోకు మళ్లీ చెప్పలేదు.

ఆ జవాబు ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. నా రాత, నా పెన్ను, నేను విప్పిన కట్ట. దయ్యమంటే ఒప్పుకోను, ఇంకేమనాలో తోచదు. రాసింది ఎవరైనా మద్దిలేటి మాటల్లో రాశారు. ఇంతమందిమి ఇంత చదివి ఆ పాటి చేయలేకపోయాం. రాసినవాళ్లు ఎదురుపడితే మాత్రం నేనూ ఒక సంజాయిషీ అడుగుతాను. ఆలూరాయన ఫారంలో ఎందుకు రాయలేదు?

ప్రశ్నలో మాట మార్చమని దరఖాస్తు పెట్టాను. ఒక్క అక్షరం మార్చాలన్నా కమిటీ అనుమతి కావాలి, కమిటీ మూడు నెలలకోసారి కూర్చుంటుంది. పోయినసారి సభ్యులు చాలక వాయిదా పడింది. అందాకా అచ్చయినవే వాడమన్నారు. బీరువాలో ఇంకా రెండు కట్టలున్నాయి.