కరిచే ముందు

గాజువాక బస్సులో నా మనవరాలు కండక్టరు చెయ్యి కరిచింది. తొమ్మిదేళ్లు, మాటలు రావు. ఈ కరిచే అలవాటుకే రెండు స్కూళ్లు వద్దన్నాయి.

"ఇలాటి పిల్లని బస్సెక్కిస్తారేటి? దిగిపో మామ్మా!" అంటూ కండక్టరు బస్సాపించేశాడు. నేను పిల్లని కొట్టబోయాను.

పక్క సీటావిడ నా చెయ్యి పట్టుకుంది. ఇలాంటి పిల్లల బడిలో టీచరట. "కొట్టకమ్మా. ఎవరూ దాన్ని సూడకండి," అని, పిల్లకి కాస్త దూరంగా బస్సు నేల మీదే కూర్చుంది. పిల్ల అరుపులు ఆగేదాకా పలకలేదు, కదల్లేదు. చివరికి కండక్టరే "రైట్" అన్నాడు.

దిగేటప్పుడు ఆ టీచరు, "కరిసే ముందు ఏటయిందో రోజూ రాసుకో అమ్మా," అంది.

"నాకు రాత రాదు."

"అయితే నేర్సుకో."

యాభై రెండేళ్లకి నేర్చుకున్నాను. నోటుబుక్కులో నేను రాసిన మొదటి వాక్యం: అమ్మమ్మ రెక్క పట్టి లాగింది, పిల్ల కరిచింది.