ముక్కుపుడక పక్కన నీడ

నవంబరు, రెండో బుధవారం. సాయంత్రం నాలుగున్నర. అమలాపురంలో మా ఇంటి వరండా. ఉన్నవారు: నేను, నా భార్య, ముక్తేశ్వరం నుంచి వచ్చిన అక్కయ్య (ఎడమ కంటికి కట్టు), డ్రాయింగు మేష్టారు.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తరవాత ఎవరెవరు ఉన్నారన్నది, ఆ తరవాతే జరిగింది. సర్వేయరుగా పొలాలు కొలిచిన ముప్పైనాలుగేళ్లూ నా వరస ఇదే. పదో తరగతిలో మొదలుపెట్టిన డైరీలు ఇప్పుడు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఏ పేజీలోనూ ఉన్నవారి జాబితాలో అమ్మ లేదు. నాకు ఆరేళ్లప్పుడే పోయింది.

అమ్మ గురించి నాకు సొంతంగా గుర్తున్నది ఒక్కటే. తల దువ్వడానికి నా గడ్డం పట్టుకుని వంగినప్పుడు ఆవిడ ముక్కుపుడక తళుక్కుమనేది. ఆ మెరుపు గుర్తుంది. దాని చుట్టూ ఉన్న మొహం గుర్తు లేదు.

ఉన్న ఫొటో కూడా ఒక్కటే. స్టూడియోలో అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, పక్కన పరికిణీలో అక్కయ్య. ఫొటో తీసినాయన లైట్లన్నీ మొహాల మీదకే తిప్పాడేమో, ఇద్దరి మొహాల్లోనూ సన్నటి గీతలే మిగిలి, రంగంతా కాగితం తెలుపులో కలిసిపోయింది. పుడక జాడే లేదు. రిటైరయ్యాక నేను రంగులు పట్టింది ఆ పుడక కోసమే. అది మెరిసేలా అమ్మ బొమ్మ ఒక్కటి వెయ్యాలి. అంతకుమించి చిత్రకారుణ్ణి అవుదామన్న ఆశ నాకు లేదు.

గీత నాకు కొత్త కాదు. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. ఫొటో చూసి అమ్మ ముక్కు, చెవి, పాపిడి వారంలో దింపేశాను. నీడ దగ్గర ఆగిపోయాను. నీడకి హద్దురాయి ఉండదు. మొదటి కాగితంలో బుగ్గ మీద నీడ బురద చారలా వచ్చింది. రెండోదానిలో నల్లరంగు కలిపాను.

మా వీధిలోనే ఉండే డ్రాయింగు మేష్టారు, బడిలో పనిచేసి రిటైరైనవారు, ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి నాకు నేర్పేవారు. ఆ రెండో కాగితం చూసి, “మొహానికి మసి పూసేరేంటండీ సర్వేరుగారూ?” అన్నారు. నల్లరంగు ట్యూబు ఆయనే తీసి తన జేబులో వేసుకున్నారు. నీలం, ఇటిక రంగు కలిపి నీడ చెయ్యమన్నారు. తెలుపు నుంచి నలుపు దాకా పది గళ్లు గీసి, ఒక్కో మెట్టూ ముదురు చేసుకుంటూ వెళ్లమన్నారు. గళ్లు బాగానే వేశాను. మొహం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చెయ్యి ముందుకు పోలేదు.

“పది మెట్లు కట్టుకున్నారండి. నాలుగో మెట్టు మీదే కూర్చున్నారండి,” అనేవారు.

నా భయానికి తోడు అక్కయ్య మాట ఒకటి. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అమ్మని బాగా చూసి, ఇంకా బతికి ఉన్నది ఆవిడ ఒక్కతే. అందుకని పదిహేను రోజులకోసారి ముక్తేశ్వరం నుంచి పిలిపించి కాగితం చూపించేవాణ్ణి. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, “మసగ్గా ఉందిరా. తేటగా వెయ్యి,” అనేది. నేను ఇటిక రంగు తగ్గించి మళ్లీ వేసేవాణ్ణి. ప్రతి కాగితం వెనకా తేదీ, రంగుల పాళ్లు, అక్కయ్య చెప్పిన మాట పెన్సిల్‌తో రాసిపెట్టాను. ఆ బుధవారానికి పదిహేడు కాగితాలయ్యాయి.

ఆ ఉదయమే అక్కయ్య ఎడమ కంటికి శుక్లం ఆపరేషనైంది. కుడి కంటికి తరవాత చేస్తామన్నారు. ఆవిణ్ణి పలకరించడానికి మేష్టారు వచ్చారు. నా భార్య కాఫీ తెచ్చింది. పదిహేడో కాగితం వరండాలో అట్టకి పిన్ను గుచ్చి ఉంది. మేష్టారు పలకరింపులు కానిచ్చి దాని వైపు తిరిగారు.

“పుడక మెరవట్లేదండి.”

“తెలుపు మూడుసార్లు పెట్టానండీ,” అన్నాను.

“ముప్పైసార్లు పెట్టినా అంతేనండి. తెల్లటి ముక్కు మీద తెల్లటి పుడక ఏం మెరుస్తుందండి? పక్కన ముదురు రావాలండి.”

అక్కయ్య కుర్చీలోంచే కుడి కన్ను చికిలించి చూసింది. “ముదురేంటండీ, ఇప్పటికే మబ్బుగా ఉంటేను.”

“నేను ముదురు చెయ్యమంటానండి, తమరు తేట చెయ్యమంటారండి. మధ్యలో సర్వేరుగారు నలిగిపోతున్నారండి.”

“మా అమ్మని మీరు చూసేరా అండీ?”

“లేదండి.”

“నేను చూసేనండి.”

“ఆయ్. అదీ నిజమేనండి,” అని మేష్టారు కాఫీ అందుకున్నారు.

నా భార్య నా వైపు తిరిగింది. “ఏవండీ, ఇవాళైనా వదినగారిని వదిలెయ్యండి. కాగితం కాగితానికీ అత్తగారు తెల్లబడిపోతున్నారు. ఇంకో నాలుగు కాగితాలైతే అసలు కనపడరు.”

అందరం నవ్వాం. నేనూ నవ్వాను కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. అక్కయ్యకి డెబ్బైఎనిమిది. ఆవిడ ఉండగా అమ్మ రంగు పట్టుకోలేకపోతే తరవాత ఎవరినీ అడగడానికి ఉండదు. ఆ సంగతి పైకి అనలేదు. డైరీలోనూ రాయలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి కంటాసుపత్రిలో కట్టు విప్పారు. అక్కయ్య ముందు నన్నే చూసింది.

“ఏరా, నీ మొహం మీద ఇన్ని ముడతలు ఎప్పుడొచ్చేయ్?”

“చాలా రోజులైందక్కా.”

“ఎవరూ చెప్పలేదే నాకు.”

ఆటోలో వస్తున్నంతసేపూ కాలవ పక్క కొబ్బరాకులు చూస్తూ కూర్చుంది. గుమ్మంలో నా భార్య ఎదురొస్తే ఆగిపోయింది. “అదేంటమ్మాయ్, ఈ చీర గంధం రంగు కదూ?”

“తెల్లదేనండి వదినగారూ. మీరే ఎప్పుడూ గంధం రంగంటారు.”

అక్కయ్య తిన్నగా అట్ట దగ్గరికి వెళ్లింది. కుడి కన్ను అరచేత్తో మూసుకుని చూసింది. ఎడమ కన్ను మూసుకుని చూసింది. మళ్లీ కుడి కన్ను మూసుకుంది.

“ఇదెవర్రా?”

“అమ్మ.”

“సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ కంటితో చూస్తే బాగానే ఉందిరా. ఈ కంటితో చూస్తే మనిషే కాదు. మసక నా కంట్లో ఉంటే నీ చేత అమ్మని కడిగించేను.”

“మరి అమ్మ చామనచాయ అనేదానివి కదా?”

“అందరూ అలాగే అంటారు. పోయినవాళ్లని నల్లన అంటారేంటి? అమ్మ నల్లగా ఉండేదిరా. నూనె రాసుకుని ఎండలో నించుంటే మెరిసేది.”

బీరువాలోంచి కాగితాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాను. పదహారు, పదిహేను, పధ్నాలుగు. వెనక్కి వెళ్లేకొద్దీ మొహం ముదురవుతూ వచ్చింది. ప్రతిదాని వెనకా నా రాతలో ‘తేటగా వెయ్యి’ అని ఉంది. అక్కయ్య వాటిని చదవలేదు, అది నయం. చివరికి మేష్టారు మసి అన్న రెండో కాగితం పైకి తీసింది.

“ఇది మసే. కానీ రంగులో అమ్మ ఉన్నది ఈ చుట్టుపక్కలే.”

కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుంది. గాజులు మోచేతి వైపు ఎగదోసుకుని ముంజేయి కొత్త కాగితం పక్కన పెట్టింది. “నా చెయ్యి చూసి వెయ్యి. మా ఇద్దరిదీ ఒకటే రంగని నాన్న అనేవాడు.”

ఇన్నాళ్లూ నా కాగితాలు పట్టుకున్నది ఆ చెయ్యే. నేను కాగితం వైపే చూశాను.

ఇటిక రంగు తీసుకున్నాను. నీలం కలిపాను. చెయ్యి పక్కన పెట్టి చూస్తే చాలలేదు. ఇంకా కలిపాను. వరండాలోకి వచ్చే కొబ్బరిచెట్ల వెలుగులో ఆవిడ చేతి అంచున ఒక పచ్చని జీర ఉంది, అదీ కాస్త కలిపాను. ఆరో మెట్టు దాటింది, ఏడో మెట్టు దాటింది. ముక్కు పక్కన కుంచె ఆన్చి, పుడక ఉండాల్సిన చోట ఆవగింజంత కాగితం వదిలేశాను.

“అయ్యిందట్రా?” అంది అక్కయ్య.

“ఇంకా లేదక్కా. చెయ్యి కదపకు.”

తడి ఆ గింజలోకి పాకుతుందేమోనని వంగి చూస్తూ కూర్చున్నాను.