మంచుగుట్టల మీద కుడికాలు

2007. సింగపూర్‌లో ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. బయట చెమటలు కారుతుంటే లోపల దుప్పటి కావాలనిపించే ఇండోర్ మంచు హాల్లో నేను స్కీయింగ్ నేర్పేవాణ్ని. మా తాతగారు విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను పుట్టింది ఇక్కడి ఆంగ్ మో కియో పేటలో. మంచు సంగతి జపాన్‌లో పనిచేసినప్పుడు తెలిసింది.

ఒక శనివారం ఉదయం సుజాతగారు వచ్చారు. కాకినాడ మనిషి. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ పని. వస్తూనే, "అన్నయ్యా, నాకు టెలిమార్క్ నేర్పాలి. అదీ మొగల్స్ మీద. ఈస్టర్‌కల్లా రావాలి" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. టెలిమార్క్ అంటే మడమ కట్టేయని స్కీయింగ్. బూటు కాలివేళ్ల దగ్గరే బిగుస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకు జరిపి, వెనక మోకాలు వంచి, సగం మోకరిల్లినట్టు దిగాలి. మొగల్స్ అంటే వాలు మీద వరసగా లేచే మంచుగుట్టలు. ఏళ్ల తరబడి చేసినవాళ్లే అక్కడ బోల్తా పడతారు.

"మీ ఐటీ వాళ్లకి అన్నిటికీ డెడ్‌లైనేనా? ముందు నిలబడటం నేర్చుకోండమ్మా."

"నార్వేలో మా చెల్లి ఉంది. ఈస్టర్‌కి వాళ్లంతా కొండమీది నుంచి స్కీల మీదే కాటేజీకి దిగుతారట. దారంతా గుట్టలేనట. దాని ముందు నేను పడకూడదండీ." ఇంక వాదించబుద్ధి కాలేదు.

ఎప్పుడో ఒక నార్వే ఇంజినీరు భార్య వదిలేసి వెళ్లిన టెలిమార్క్ సామాను మా స్టోర్‌రూంలో ఉంది. బూట్లు పెద్దవైతే రెండు జతల మేజోళ్లు వేయించాను. హాలు తెరవకముందే పారతో మంచు పోగేసి చిన్న గుట్టలు కట్టేవాణ్ని. పట్టుదల గల మనిషి. పడేది, లేచేది, మళ్లీ పైకెక్కేది.

చిక్కల్లా ఒక్కటే. ఎడమకు తిరగాలంటే కుడికాలు ముందుండాలి. అది చక్కగా వచ్చేసింది. కుడికి తిరగాలంటే ఎడమకాలు ముందుకు రావాలి. అది ససేమిరా రాదు. ప్రతి గుట్ట ముందూ పాదాలు తడబడి, మళ్లీ కుడికాలే ముందుకొచ్చేది, మనిషి కూలబడేది.

"ఎడమకాలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"లేదండీ. ఏమిటో, దానంతట అది రావడం లేదు."

మరుసటి వారం హాలు తలుపు దగ్గర ఆవిణ్ని చూశాను. ఎడమకాలు ముందు పడబోతే ఆగి, అడుగు మార్చుకుని, కుడికాలు పెట్టి లోపలికొచ్చారు. నాకు విషయం అర్థమైంది.

"అమ్మా, గుట్ట గడప కాదు!"

పకపకా నవ్వారు. అంతలోనే కళ్లల్లో నీళ్లు.

"నా పెళ్లికి గుమ్మం దగ్గర ఆపి, మా ఆయన పేరు చెప్పించి, కుడికాలు పెట్టి రమ్మన్నారు. మా చెల్లి నార్వే అబ్బాయిని చేసుకుంటే నాన్నకి భయపడి నేను కూడా వెళ్లలేదండీ. దాన్ని లోపలికి రమ్మనేవాళ్లే లేకపోయారు. ఇన్నేళ్లకి అదే రమ్మని పిలిచింది."

పాపం, ఎంత బరువు మోసుకుని ఆ వాలు దిగుతోందో అనిపించింది. అన్నాను: "మొదటి మలుపుకి కుడికాలు పెట్టండి. శుభం అక్కడితో అయిపోయింది. తర్వాతదంతా నడకే. నడకలో ఎడమకాలు ముందుకు రాకపోతే ఎక్కడికి పోతాం?"

ఆ రోజే రాలేదు గానీ, వచ్చింది. ప్రయాణానికి ముందు కుడీ ఎడమా మారుస్తూ నా గుట్టలన్నీ దిగి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టుకున్నారు. నేను హాయిగా మకాన్‌కి, అదే ఇక్కడివాళ్ల మాటలో భోజనానికి, వెళ్లి రెండు ప్లేట్ల నూడిల్స్ తిన్నాను.

ఈస్టర్ తర్వాత ఫోన్ చేశారు.

"పడ్డానన్నయ్యా."

నా ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, ఏ మలుపులో?"

"ఏదో ఒకటి. సగం దాకా బాగానే దిగాను. చెల్లి వెనక్కి కూడా చూడకుండా ముందు పోతోంది. వెళ్లినప్పటి నుంచీ అంతే. కాఫీ ఇచ్చేది, పక్క వేసేది, అక్కా అని మాత్రం అనలేదు. నేను పడిన చప్పుడుకి తిరిగి చూసింది. స్కీలు విప్పి పారేసి, మోకాలి లోతు మంచులో పైకి పరిగెత్తుకొచ్చింది. 'అక్కా, దెబ్బ తగిలిందా?' అంది. 'నీ పెళ్లికి...' అని నేనేదో మొదలుపెడితే, 'ముందు లే అక్కా, తడిసిపోతున్నావ్' అని చెయ్యిచ్చింది."



పడకుండా దింపడమే నా పని అని అన్నాళ్లూ అనుకున్నాను. అప్పటి నుంచి ఎవరొచ్చినా మొదటి పాఠం పడటమే నేర్పుతున్నాను. రెండో పాఠం, పక్కవాళ్లు చెయ్యిస్తే సిగ్గుపడకుండా పట్టుకోవడం. చాలామందికి ఆ రెండోదే కష్టం.