పాపకూర నుంచి హామిల్టన్‌కు మినీ కారులో

హామిల్టన్‌లో ఉండే కిరణ్ అనే మా సంఘపు తమ్ముడు నా చేత బాప్తిస్మం తీసుకుంటానని రెండుసార్లు మాట ఇచ్చి రెండుసార్లూ తప్పించుకున్నాడు. ఒకసారి డ్యూటీ, ఇంకోసారి జలుబు. మూడోసారి, 2014 జూలైలో, అంటే న్యూజిలాండ్ చలికాలంలో, ఒక ఆదివారం, హామిల్టన్‌లో మునగడానికి నీళ్ల తొట్టి ఉన్న హాలు మధ్యాహ్నం పన్నెండు వరకు దొరికింది. ఈసారి చేజారితే ఇక పిలిచినా రాడని నాకు తెలుసు. అందుకే వానలోనే బయలుదేరాను. బస్సు ఎక్కవలసింది. పాపకూరలో డైరీ, అంటే వీధి మూల చిల్లర కొట్టు, నడిపే సాల్మన్ "మన మినీ ఉండగా బస్సేంటి అయ్యగారూ" అన్నాడు. సరే అన్నాను. బైబిల్లో తుఫాను పాలైన యోనా కూడా ఓడను చూసుకునే ఎక్కాడు.

తొమ్మిదింటికి బయలుదేరితే గంటంబావులో చేరాలి, ఇరవై డాలర్ల పెట్రోలు సరిపోవాలి. మామూలు కారులో అయితే. ఇందులో నా మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. లారీ దాటిపోతే కారు పక్కకు జరుగుతోంది. హీటరు వేస్తే అద్దాలకు ఆవిరి, ఆపితే చలి. ఇంత బాధలోనూ సాల్మన్ కారు వంశావళి విప్పాడు. మత్తయి మొదటి అధ్యాయం ఇంతకంటే పొట్టి. సూయజ్ కాలువ గొడవతో ఇంగ్లండ్‌లో పెట్రోలుకు కటకట వచ్చిందట. అందుకని ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్ల పెట్టెను దాని కిందే ఇరికించి, పదంగుళాల చక్రాలను నాలుగు మూలలకూ తోసి, 1959లో ఈ కారును బయటికి వదిలారట. విడిభాగాలు ఓడలో వస్తే న్యూజిలాండ్‌లోనే బిగించేవారట.

"నలుగురు హాయిగా కూర్చోవచ్చు అయ్యగారూ!"

"నలుగురూ జక్కయ్యలంత పొట్టివాళ్లయితే కూర్చోవచ్చు."

హంట్లీ ఊళ్లో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నది పక్కన పార్కింగ్‌లోకి తోశాం. సాల్మన్ బానెట్ ఎత్తి తల గోక్కున్నాడు.

"తడిసింది. స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ దీనికి ముందువైపే ఉంటుంది, జాలీ వెనకాల. వాన నేరుగా దానికే కొడుతుంది."

"చేసినవాళ్లకు ఇంగ్లండ్‌లో వాన పడుతుందని తెలియదా?"

"అందుకేగా గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్ తొడుగుతారు! వేళ్లలోంచి వైర్లు బయటికొస్తాయి."

"మరి నీ గ్లోవ్ ఏదీ?"

"నిన్న తీసేశానండీ. జిడ్డోడుతూ అసహ్యంగా ఉంది. దైవజనులు ఎక్కుతుంటే శుభ్రంగా ఉండొద్దా?"

"బానెట్ ఎత్తి చూసి ఎక్కుతానా సాల్మన్!"

యోబు ఓర్పు మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆయన మినీ ఎక్కలేదు. జేబురుమాలుతో తుడిచాం, ఊదాం, ప్రార్థించాం. కారు ఒకసారి లేచి మళ్లీ పడుకుంది. పదకొండు దాటాక కిరణ్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"పర్లేదన్నా," అన్నాడు, గొంతులో ఊరట దాచుకోకుండా. "నెక్స్ట్ మంత్ చూద్దాం. రెండింటికి షిఫ్ట్ కూడా ఉంది నాకు."

"ఏ మంతూ లేదు. నువ్వే హంట్లీకి కారేసుకుని రా. దారిలో కిచెన్ గ్లోవ్స్ కొనుక్కురా."

"మీరొచ్చేసరికి హాలు మూసేస్తారు కదన్నా."

"రమ్మన్నానా!" అని పెట్టేశాను. వస్తాడన్న నమ్మకం నాకు లేదు.

అరగంటలో వచ్చాడు. చేతిలో గులాబీ రంగు గ్లోవ్స్. సాల్మన్ వేళ్ల కొసలు కత్తిరించి, ఆరబెట్టి తొడిగాడు. ఇంజన్ అందుకుంది. "ఎక్కండి, హాలు వాళ్లను బతిమాలుకుందాం" అని తొందరపెట్టాను. కిరణ్ కదలలేదు. పడవలు దించే ర్యాంపు దగ్గర నిలకడగా ఉన్న నీళ్ల వైపు చూస్తున్నాడు.

"అన్నా, తొట్టే ఉండాలా?"

"అక్కర్లేదు. ఏం?"

"అంతమంది ముందు తడిసి నిలబడాలంటే సిగ్గన్నా. అందుకే ఎగ్గొట్టాను. ఇక్కడ మీరిద్దరే ఉన్నారు. ఇప్పుడే ఇచ్చేయండి."

సాల్మన్ చెప్పులు విప్పాడు. నేను బూట్లతోనే దిగాను. వాన పడుతూనే ఉంది. నడుము లోతు నీళ్లలోంచి పైకి లేచిన ఆ పిల్లాడు పళ్లు టకటకలాడిస్తూ నవ్వాడు.

దారి పక్క నీళ్లు కనబడగానే బాప్తిస్మం కోసం రథం ఆపించిన బైబిల్లోని ఐతియొపీయుడి గురించి నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో! అయినా గంటకు పైగా నది ఒడ్డున నిలబడి, మూతపడబోయే హాలు కోసమే మండిపడ్డాను. నీళ్లు నాకు కనబడలేదు. తప్పించుకు తిరిగినవాడికే కనబడ్డాయి. ఆ కారును మాత్రం నేనింకా క్షమించలేదు, ప్రయత్నిస్తున్నాను. ఈ దారిన శీతాకాలంలో పాత కారులో వెళ్లేవారికి ఒక్క మాట: ఆరిన బట్టలు ఒక జత వెంట పెట్టుకోండి. నేను పాపకూర దాకా తడి ప్యాంటుతోనే వచ్చాను.