మసి అక్కర్లేని పిల్ల

బడిలో ఆఫ్రికా నాట్యమంట, మొహానికి పూసుకునే నల్లరంగు డబ్బా తెచ్చింది నా మనవరాలు. మూత తీస్తూనే వచ్చిన జిడ్డు వాసనకు నాకు నా చిన్నప్పటి బడి గుర్తొచ్చింది.

ధర్మవరంలో మా ఐదో తరగతి అయివారు ఆఫ్రికా పాఠాన్ని ఒక్క మాటతో ముగించినాడు. "అది చీకటి ఖండం. అక్కడోళ్లంతా బానిసలు." ఆడ పొద్దే పొడవదని, చీకట్లో ఉండీ ఉండీ వాళ్లు నల్లబడినారని నేను నమ్మినాను. ఆ ఏడు బడి పండగలో మాది బానిసల వేషం. కుండల మసిని చెనిక్కాయ నూనెలో కలిపి అయివారే మా మొహాలకు పూసినాడు. మగ్గం నేసేవాళ్ల లక్ష్మి వంతు వచ్చింది.

"నీకు మసి అక్కర్లేదులే."

అందరం పడీ పడీ నవ్వినాం. లక్ష్మి మాత్రం, పూస్తాడేమోనని, మొహం చాపుకొని అట్లే నిలబడింది.

ఆ ఆఫ్రికా మనుషులకు రాజ్యాలుండేవని, సంకెళ్లు తెంచుకున్నారని మాకెవరూ చెప్పలేదు. నా మసి ఆ పొద్దే సబ్బుతో పోయింది. ఆ నవ్వు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నామీద నాకే అసహ్యం.

డబ్బా మూత బిగించినాను.

"మిస్సే తెమ్మనిందవ్వా."

"మీ మిస్సుకూ ఎవరూ చెప్పినట్టు లేదు. ఇట్ల కూచో, నేను చెప్తా."