మందు అని రాయని వార్త

ఇల్లందులో బట్టలు కుట్టే ఒకాయన కూతురు సముద్రపు బూజు మీద పరిశోధన చేస్తోందని విని, మా పత్రికకు వార్త రాద్దామని వాళ్ల దుకాణానికి వెళ్లాను. సెలవుకు వచ్చిన అమ్మాయి తండ్రి మిషన్ పక్కన కూర్చుని గుండీలు కుడుతూనే చెప్పింది.

ఆ బూజు సముద్రం అడుగున స్పాంజి అనే జీవి ఒంట్లో బతుకుతుంది. చుట్టూ ఉన్న బ్యాక్టీరియాను చంపే పదార్థాన్ని తనే తయారు చేసుకుంటుంది. దాన్ని చేయించే జన్యువులన్నీ ఒకచోట గుంపుగా ఉంటాయి. ల్యాబ్‌లో కడుపునిండా తిండిపెట్టి పెంచితే ఆ గుంపు ఉలుకూపలుకూ లేకుండా పడుంటుంది. పక్కన మొండి పుండ్లలో ఉండే రకం బ్యాక్టీరియాను వదిలితే లేస్తుంది. ఆమె అందులోంచి ఒక జన్యువును తీసేసింది. పదార్థం ఆగిపోయింది. తిరిగి పెడితే మళ్లీ వచ్చింది. తాను గట్టిగా చెప్పగలిగింది ఇంతేనంది.

అంతే రాసి అక్కడినుంచే పంపాను. చాయ్ తాగేలోపే పత్రిక డెస్క్‌లో వార్తలు దిద్దే ఆయన నుంచి ఫోన్. ఇల్లందుకు సముద్రం ఎప్పుడొచ్చిందని కాసేపు ఆటపట్టించాడు. మిషన్ చప్పుడుకు వినపడక స్పీకర్ పెట్టాను.

"మొండి పుండ్లకు మందు కనిపెట్టిన ఇల్లందు బిడ్డ అని హెడ్డింగ్ పెడ్తున్న అన్నా. జిల్లా పేజీల మొదటి వార్త."

ప్యాంటు కోసం వచ్చి గడపలో నిలబడ్డ రిటైర్డ్ గని కార్మికుడొకరు ఆ మాట విన్నారు. షుగరు మనిషి, పాదానికి కట్టు ఉంది.

"మందొచ్చిందా బిడ్డా? రేపు ఖమ్మం దవాఖానాల వేలు తీస్తమన్నరు. పోకున్నా నడుస్తదా?"

మిషన్ ఆగింది. అమ్మాయి సూది పక్కన పెట్టింది.

"రాలేదు కాకా. గాజు పళ్లెంల బ్యాక్టీరియా సచ్చింది, గంతే. మనిషికి పనికొస్తదో లేదో ఎవ్వలకూ తెల్వదు. నువ్వు రేపు పోవాల్సిందే."

"మరి గిన్నేండ్లు ఏంజేసినవే?"

"ఆ సంపే పదార్థాన్ని ఏ జన్యువు చేయిస్తదో పట్టుకున్న."

తర్వాత ఆమె ఫోన్ వైపు తిరిగి, మందు అని వేస్తే అది అబద్ధమని తానే ఊరంతా చెబుతానంది. హెడ్డింగన్నా తీసెయ్, వార్తన్నా తీసెయ్ అన్నాను నేను. ఆ హెడ్డింగ్ లేకుంటే వార్తకు జాగా లేదన్నాడు డెస్కాయన. లేకపోతే పోనీ అన్నాను.

తెల్లారి పొద్దున ఆ పెద్దమనిషి ఖమ్మం బస్సు ఎక్కుతూ కనిపించారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు.

వార్త అచ్చు కాలేదు. ఇప్పటికీ ఎవరైనా వచ్చి అడిగితే ఆ తండ్రి మిషన్ మీదినుంచి తల ఎత్తకుండానే చెబుతాడు, దొరికింది మందు కాదు, జన్యువని. నేనూ ఇక్కడ అంతే రాస్తున్నాను.