మా గేటు పక్కన వద్దన్న ట్రాన్స్‌ఫార్మర్

హల్దియాపదర్‌లో మా వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మంజూరైనప్పుడు దాన్ని మా గేటు పక్కన పెడతామన్నారు. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైను మా ఇంటి ముందు నుంచే పోతుంది కాబట్టి ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఆ సంగతి వాళ్లకంటే ముందే నాకు తెలుసు. అయినా వద్దన్నాను.

అర్జీ ఇక్కడి ఆఫీసు భాష ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాశాను. చదివేవాళ్లుంటే తెలుగులోనూ రాసేవాణ్ణి. మోత భరింపరానిదన్నాను, నూనె కారుతుందన్నాను, ప్రాణాపాయమన్నాను. జిల్లా కేంద్రం ఛత్రపూర్ వెళ్లి కలెక్టరాఫీసు గ్రీవెన్సులో రెండుసార్లు నిలబడ్డాను. గెలిచాను. ట్రాన్స్‌ఫార్మర్ వీధికి ఆ చివర, రిటైరైన రైల్వే గార్డు గారి గేటు పక్కకు వెళ్లింది. ఆయనకు అర్జీలు రాయడం రాదు.

"మాస్టారూ, మీ ప్రాణాపాయం అట్టుకొచ్చి మా గుమ్మంలో ఎట్టించీసినారేటి?" అన్నారు ఆయన, పాలకు వెళ్తూ. నేను నవ్వాను. అప్పట్లో నాకు నవ్వు తేలిగ్గా వచ్చేది.

తీగ పొడుగయ్యేకొద్దీ, దారిలో వాడేవాళ్లు పెరిగేకొద్దీ, చివరి ఇంటికి చేరే వోల్టేజీ తగ్గుతుంది. ఈ లెక్క ఏటా బోర్డు మీద చేసేవాణ్ణి. చివరి ఇంటిని చిన్న పెంకుటిల్లులా గీసేవాణ్ణి. అందులో ఎవరుంటారన్నది సిలబస్‌లో లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఆ చివరకు వెళ్లాక చివరి ఇల్లు మాదే. అందులో మా అప్ప ఉంది. నూలు మిల్లులో పనిచేసి నన్ను చదివించిన అక్క. ఆ మిల్లు దూది నుసి ఆవిడ ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది, చదువు నా తలలో ఉండిపోయింది. రెండూ ఒక చోటి నుంచి వచ్చినవే.

రెండేళ్లుగా ఆక్సిజన్ మిషను లేకుండా అప్పకు సాయంత్రం గడవదు. ఎండాకాలం ఆరయ్యేసరికి వీధిలో ఏసీలన్నీ మొదలవుతాయి. మా ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. మిషను కీచుమని అరిచి ఆగిపోతుంది. స్టెబిలైజరు పెట్టించాను. అది కాసేపు టకటకలాడి తానూ చేతులెత్తేసింది.

"ఒరే, నీ కరెంటుకీ... ఆయాసమేట్రా?" అంది అప్ప, మాటకీ మాటకీ మధ్య ఆగి.

మళ్లీ అర్జీ రాశాను, ట్రాన్స్‌ఫార్మర్‌ను మా గేటు పక్కకు మార్చమని. జూనియర్ ఇంజనీరు ఫైలు తెరిచి నా పాత అర్జీని నా వైపు తిప్పాడు. చిన్నవాడే, మర్యాదస్తుడు, అయ్యా అనాల్సిన చోటల్లా 'ఆజ్ఞా' అంటాడు.

"ఆజ్ఞా, అక్కడ పెడితే ప్రాణాపాయమని ఎవరో చాలా బాగా రాశారు," అన్నాడు ఒడియాలో. "సంతకం తమదేనా?"

నాదే. మళ్లీ చదివాను. నిజంగానే బాగా రాశాను. ఒక్క వాక్యం కూడా కాదనడానికి వీల్లేదు. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కోసం మా వీధి పేరు రాసుకున్నాడు. అది వరసలో ఉంది.

ఆ సాయంత్రమే మిషను మళ్లీ ఆగింది. అప్ప పెదాలు నీలమయ్యాయి. ఏం చెయ్యాలో తోచక గార్డు గారికి ఫోన్ చేశాను. ఆయన ఆటోతో వచ్చి, అప్పను ఎక్కించి, మిషను తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల ముందుగదిలో ప్లగ్గు పెట్టగానే అది ఏమీ జరగనట్టు నడిచింది.

"మా ఇంట్లో కరెంటు బాగుంతాది మాస్టారూ. పక్కనే కదేటి," అన్నారు.

ఎత్తిపొడుపేమోనని ఆయన ముఖంలోకి చాలాసేపు చూశాను. కాదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

అప్ప ఇప్పుడు అక్కడే ఉంటోంది. వానలు పడి వోల్టేజీ కాస్త కుదురుకున్నాక ఇంటికి రమ్మన్నాను.

"నువ్వెల్లరా. నానిక్కడే ఉంతాను," అంది. "ఈలింట్లో సాయంత్రమౌతాదంటే ఊపిరాడదేమోనని బయపడక్కర్లేదు."

రోజూ చీకటి పడకముందే క్యారేజీ పట్టుకుని వెళ్తాను. గేటు దగ్గర ఆగి, భరింపరానిదని రాసిన ఆ మోత వినిపిస్తోందో లేదో చూసుకుంటాను. వినిపించాకే లోపలికి అడుగుపెడతాను.